ర్యామ్ మార్చినా మెమరీ ఎర్రర్ పోవట్లేదు, ఇప్పుడు బోర్డు మార్చాలంటున్నారు

పద్యాలపెట్టె
మాది రాజోలు దగ్గర ఊరు. ఇంట్లో అసెంబుల్డ్ డెస్క్‌టాప్ ఉంది. డిడిఆర్4 8 జీబీ స్టిక్కులు రెండు, విండోస్ 10. కొన్ని నెలలుగా ఉన్నట్టుండి నీలం తెర వచ్చి రీస్టార్ట్ అయిపోతోంది. ఒకసారి మెమరీ మేనేజ్‌మెంట్ అంటుంది, ఇంకోసారి పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా అంటుంది. షాపులో ముందు విండోస్ మళ్లీ ఎక్కించారు. కొన్నాళ్లు బాగుంది, మళ్లీ మొదలు. తర్వాత ర్యామ్ పోయిందన్నారు, రెండు స్టిక్కులూ కొత్తవి వేయించాం. అయినా అదే తంతు. ఇప్పుడు మదర్‌బోర్డు మార్చాలంటున్నారు.

మా తాతయ్య పౌరాణిక నాటకాల్లో పద్యాలు పాడేవారు. ఆయన క్యాసెట్లు ఈ కంప్యూటర్‌లోకే ఎక్కిస్తున్నాను. టేపులకి బూజు పడుతోంది, ఇంకో వర్షాకాలం ఆగేలా లేవు. అందుకే ఇంత టెన్షన్. బోర్డుకి డబ్బులు పెట్టే ముందు అసలు తప్పు ఎక్కడుందో తేలాలి. దారి చెప్పండి.

యానాం_ఎక్స్‌ప్రెస్
వైరస్ అయ్యుంటుందండీ. మంచి యాంటీవైరస్ వేసి ఫుల్ స్కాన్ పెట్టండి.

సర్వీస్‌బెంచ్_కాకినాడ
యానాం గారూ, విండోస్ కొత్తగా ఎక్కించాక కూడా వస్తోందని ఆవిడే రాశారు కదా. వైరస్ మాట పక్కన పెట్టండి.

ప్రతిసారీ ఒకే కోడ్, కింద ఒకే డ్రైవర్ ఫైలు పేరు కనబడితే ముందు ఆ డ్రైవర్‌ని అనుమానించాలి. ఇలా పూటకో కోడ్ వస్తుంటే హార్డ్‌వేర్ వైపే చూడాలి. పద్యాలపెట్టె గారూ, మూడు సంగతులు చెప్పండి. ఏ వేళప్పుడు ఎక్కువ వస్తోంది? ర్యామ్ ఏ స్లాట్లలో ఉంది? బయాస్‌లో (విండోస్ మొదలవ్వకముందు తెరిచే సెట్టింగుల తెర) ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి ఉందా?

నరసాపురం_లేసు
నాకూ ఇదే బాధ! లేసు డిజైన్ల ఫైళ్లు తెరిస్తే కంప్యూటర్‌లో మెమరీ తక్కువగా ఉంది, ప్రోగ్రాములు మూసేయండి అని చిన్న పెట్టె వస్తుంది. నా ర్యామ్ కూడా పోయినట్టేనా?

తణుకు_టెక్
లేసు గారూ, మీది వేరే జబ్బు. మీ ర్యామ్ బాగానే ఉండుంటుంది, పనికి చాలట్లేదంతే. టాస్క్ మేనేజర్ తెరిచి మెమరీ కాలమ్ మీద నొక్కండి, ఎవరు ఎంత తింటున్నారో వరసగా కనబడుతుంది. పేజ్ ఫైల్‌ని (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్కులో వాడుకునే జాగా) ఎవరైనా ఆపేసి ఉంటే మళ్లీ ఆటోమేటిక్‌లో పెట్టండి. సీ డ్రైవ్ నిండిపోయినా ఇదే వస్తుంది.

నరసాపురం_లేసు
సీ డ్రైవ్ ఎర్రగా ఉంది! బ్రౌజర్‌లో ట్యాబ్‌లు కూడా బోలెడు. ఖాళీ చేసి చెబుతాను.

పద్యాలపెట్టె
సర్వీస్‌బెంచ్ గారూ, మధ్యాహ్నం బాగా ఎక్కువ. తెల్లవారుజామున కూర్చుంటే చాలాసార్లు ఏమీ రాదు. ర్యామ్ ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే 2, 4 స్లాట్లలో ఉంది. ఎక్స్‌ఎంపీ అంటే ఏమిటో తెలీదు గానీ బయాస్‌లో 3200 అని కనబడుతోంది.

చెరువుగట్టు
మాది భీమవరం అవతల. మా ఏరియాలో చెరువుల మీద ఏరేటర్లు ఆన్ చేశారంటే లైట్లు ఒక్కసారి గుడ్డివైపోతాయి. మా ఇంట్లో కంప్యూటర్ కూడా అదే టైముకి ఆగిపోయేది. యూపీఎస్ పెట్టాక పోయింది. మీదీ కరెంటు సమస్యే. ర్యామూ బోర్డూ ఏవీ మార్చకండి, యూపీఎస్ కొనండి.

సర్వీస్‌బెంచ్_కాకినాడ
చెరువుగట్టు గారూ, మీకు జరిగింది నిజమే, కానీ ఇది వేరు. కరెంటు పడిపోతే కంప్యూటర్ నీలం తెర చూపించకుండానే టప్పున ఆగుతుంది, లేదా రీస్టార్ట్ అవుతుంది. ఇక్కడ విండోస్ తీరిగ్గా కోడ్ రాసి చూపిస్తోంది. ఎస్ఎంపీఎస్ (క్యాబినెట్‌లో కరెంటు సరఫరా చేసే పెట్టె) లోపల కెపాసిటర్లు ఉబ్బిపోతే మెమరీ ఎర్రర్లూ వస్తాయి, కాదనను. కానీ దాన్ని మొదటే పట్టుకోకూడదు.

చెరువుగట్టు
ఆవిడ ఎర్త్ అయినా చూపించుకోవాలి కదండీ. కోనసీమలో పాత ఇళ్లలో ఎర్త్ గుంట తవ్వి, బొగ్గూ ఉప్పూ వేసి, ఆ తర్వాత ఎవరూ అటు చూడరు. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందా అండీ?

పద్యాలపెట్టె
జివ్వుమంటుంది! చెప్పులు లేకుండా ముట్టుకుంటే మరీను.

సర్వీస్‌బెంచ్_కాకినాడ
అయితే ఈ విషయంలో చెరువుగట్టు గారి మాటే రైటు. ఎస్ఎంపీఎస్‌లో ఫిల్టర్ కెపాసిటర్ల గుండా వచ్చే కాస్త కరెంటుకి ఎర్త్‌లోకి దారి లేక బాడీ మీదే ఉండిపోతోంది. నీలం తెరకి అదే కారణమని నేను అనను, కానీ ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ సరిచేయించుకోండి. క్యాసెట్ ప్లేయర్ నుంచి రికార్డు చేసేటప్పుడు వెనకాల హమ్ వస్తుంటే దానికీ మంచిది.

తణుకు_టెక్
ఇప్పుడు పరీక్ష సంగతి. స్టార్ట్‌లో విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ అని వెతికితే వస్తుంది. రీస్టార్ట్ అయ్యి నడిచేటప్పుడు ఎఫ్1 నొక్కి ఎక్స్‌టెండెడ్ ఎంచుకోండి. మామూలు మోడ్‌లో చాలా తప్పులు దొరకవు. ఫలితం ఈవెంట్ వ్యూయర్‌లో, విండోస్ లాగ్స్ కింద సిస్టమ్‌లో ఉంటుంది.

నన్నడిగితే అది దాటేసి నేరుగా మెమ్‌టెస్ట్86 ప్లస్ పెట్టమంటాను. ఉచితం, ఓపెన్ సోర్స్. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి దాంతోనే బూట్ చేయాలి. విండోస్ నడవదు కాబట్టి దాదాపు మెమరీ మొత్తాన్నీ అది తడిమి చూస్తుంది. సెక్యూర్ బూట్ (గుర్తింపు లేనివాటితో బూట్ కానివ్వని సెట్టింగు) అడ్డొస్తే బయాస్‌లో ఆపండి. ఆపే ముందు డ్రైవ్‌కి బిట్‌లాకర్ (విండోస్ వేసే తాళం) ఉందేమో చూసి రికవరీ కీ రాసిపెట్టుకోండి, లేకపోతే విండోస్ మళ్లీ తెరుచుకునేటప్పుడు అడుగుతుంది.

రాత్రి పెట్టి పొద్దున చూడండి. ఎర్ర గీత ఒక్కటి కనబడినా ఫెయిలే. ‘ఒకటే కదా’ అని వదిలేయకండి.

పూతరేకు_ప్రియుడు
రాత్రి కాదు, మధ్యాహ్నం పెట్టమనండి. ఆవిడకి ఎర్రర్ వచ్చేది మధ్యాహ్నమే కదా.

తణుకు_టెక్
మంచి మాట. ర్యామ్‌లో ఒక్కో బిట్ అంటే ఒక బుల్లి కెపాసిటర్‌లో నిలబడిన ఛార్జి. అది కారిపోతుంటుంది, అందుకే మామూలుగా ప్రతి 64 మిల్లీసెకన్లలోపు అన్నింటినీ మళ్లీ నింపుతుంటారు. వేడెక్కితే ఇంకా తొందరగా కారుతుంది. నీరసంగా ఉన్న చిప్పు చల్లటి వేళ నెగ్గుకొచ్చి ఎండవేళ చతికిలబడుతుంది. పట్టీపట్టని కాంటాక్టు కూడా వేడికి వ్యాకోచించి వదులవుతుంది. మే నెల మధ్యాహ్నం మా తణుకులో ఉక్కపోత ఎలా ఉంటుందో తెలుసు కదా, దాన్ని మించిన టెస్ట్ బెంచ్ లేదు. మధ్యాహ్నమే పెట్టండి.

గోదారి_గట్టు
అందరూ బోర్డు గురించే మాట్లాడుతున్నారు. నాకు తాతయ్యగారి పద్యాల గురించి దిగులుగా ఉంది. దయచేసి ఈ పోస్టు మాత్రం పూర్తిగా చదవండి.

మెమరీలో తప్పు ఉన్నప్పుడు కంప్యూటర్ ఆగిపోవడం నష్టాల్లో చిన్నది. ఆగకుండా నడిచేసినప్పుడే అసలు నష్టం. మీరు రికార్డు చేసే ధ్వని ముందు ర్యామ్‌లోకే వస్తుంది, అక్కడి నుంచి డిస్కుకి వెళుతుంది. మధ్యలో ఒక బిట్ తారుమారైతే తప్పు ధ్వనే చక్కగా సేవ్ అవుతుంది, ఏ హెచ్చరికా రాదు. ఫొటో అయితే సగం నుంచి కింద బూడిదరంగు పట్టీ వస్తుంది. జిప్ అయితే తెరిచేటప్పుడు సీఆర్‌సీ ఎర్రర్ అంటుంది. పాట అయితే మధ్యలో ఎక్కడో ‘టిక్’ మంటుంది, అది టేపు చప్పుడేమో అనుకుని వదిలేస్తాం.

అందుకని ఈ మూడూ చేయండి. రికార్డింగ్ ఈ రోజే ఆపేయండి. ఈ కంప్యూటర్‌తో బ్యాకప్ తీయకండి. కాపీ కూడా అదే ర్యామ్ గుండా పోతుంది కాబట్టి బాగున్న ఫైలు కాపీలో పాడవ్వొచ్చు. గుమస్తా తప్పు రాసిన దస్తావేజుని ఎన్ని జిరాక్సులు తీస్తే ఏం లాభం! హార్డ్‌డిస్కు ఊడదీసి, బాగున్న ఇంకో కంప్యూటర్‌కి తగిలించి అక్కడ కాపీ చేయించండి. ఇక మూడోది, క్యాసెట్లని ఇప్పట్లో పారేయకండి. ఎక్కించేశాం కదా అని ఎవరికీ ఇచ్చేయకండి. ప్రస్తుతానికి అసలు ప్రతి అవే.

పద్యాలపెట్టె
గోదారి_గట్టు గారూ, మీరు చెప్పిన ‘టిక్’ చప్పుడు నా ఫైళ్లలో ఉంది. టేపు పాతదవ్వడం వల్ల అనుకున్నాను. ఇప్పుడే అదే క్యాసెట్ ప్లేయర్‌లో పెట్టి విన్నాను. టేపులో ఆ చోట ఏమీ లేదు, రాగం సాఫీగా సాగింది. రికార్డింగ్ ఆపేశాను. క్యాసెట్లు బియ్యం డబ్బా పక్క నుంచి తీసి పొడిగా ఉండే పైఅరలో పెట్టాను.

గోదారి_గట్టు
సిలికా జెల్ పొట్లాలు కూడా వేయండి. బూజు కనబడే క్యాసెట్‌ని మంచివాటితో కలిపి ఉంచకండి, ప్లేయర్‌లో కూడా పెట్టకండి. హెడ్ మీదకి బూజు అంటుకుని మిగతా వాటికీ పాకుతుంది.

యానాం_ఎక్స్‌ప్రెస్
వైరస్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఈ థ్రెడ్ బుక్‌మార్క్ చేసుకున్నా.

పద్యాలపెట్టె
మధ్యాహ్నం ఫ్యాన్ కూడా ఆపేసి మెమ్‌టెస్ట్ పెట్టాను. మొదటి పాస్ (పరీక్ష ఒక చుట్టు) శుభ్రంగా వెళ్లింది. రెండో దాంట్లో తెర కింద ఎర్రగీతలు వరసపెట్టాయి. కొత్త ర్యామ్ కూడా చెడ్డదేనా?

సర్వీస్‌బెంచ్_కాకినాడ
తొందరపడకండి. ముందు బయాస్‌లో ఎక్స్‌ఎంపీ ఆపి మళ్లీ టెస్ట్ పెట్టండి. ర్యామ్‌ని మామూలు కన్నా ఎక్కువ వేగంతో నడిపించే సెట్టింగు అది. 3200 అనేది స్టిక్కు మీద రాసిన వేగం. చాలా స్టిక్కుల్లో దాన్ని 1.35 వోల్టుల దగ్గర ఓవర్‌క్లాక్‌గా నడిపిస్తారు. డిడిఆర్4 మామూలు వోల్టేజి 1.2. కొన్ని బోర్డులూ ప్రాసెసర్లూ ఆ వేగాన్ని మోయలేవు. ఎక్స్‌ఎంపీ ఆపగానే ఎర్రర్లు పోతే పైసా ఖర్చు లేకుండా తేలినట్టే.

పోకపోతే ఒక్క స్టిక్కే ఉంచి ఒక్కో స్లాట్‌లో పరీక్ష చేయాలి. కరెంటు ప్లగ్ పీకేయండి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి, క్యాబినెట్ లోపలి రేకుని ముట్టుకుని అప్పుడు చెయ్యి పెట్టండి. ఒకసారికి ఒక్కటే మార్చండి, ఏది మార్చారో కాగితం మీద రాసుకోండి. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. షాపుల్లో జరిగేది ఇదే. అన్నీ ఒకేసారి మార్చేస్తారు, తగ్గితే సంతోషం, తగ్గకపోతే తర్వాతి బిల్లు.

ఉప్పుగాలి
మాది అంతర్వేది వైపు. స్టిక్కు తీసినప్పుడు దాని కింది బంగారు రంగు పళ్లు చూడండి. సముద్రపు గాలికి మా దగ్గర అన్నిటికీ చిలుం పడుతుంది. నేను పెన్సిల్ రబ్బరుతో రుద్ది పెట్టేస్తాను, మళ్లీ ఏడాది దాకా గొడవ ఉండదు.

తణుకు_టెక్
రబ్బరు వద్దండీ. ఆ బంగారు పూత చాలా పల్చన. రుద్దినకొద్దీ అరిగి కింద నికెల్, రాగి బయటపడితే చిలుం ఇంకా తొందరగా పడుతుంది. రబ్బరు పొడి స్లాట్‌లో రాలుతుంది కూడా. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఎలక్ట్రానిక్స్ షాపుల్లో దొరుకుతుంది. పీచు రాలని గుడ్డకి కాస్త అద్ది తుడిచి పూర్తిగా ఆరనివ్వండి.

ఉప్పుగాలి
ఇన్నేళ్లూ రబ్బరుతోనే నడుస్తోంది మరి.

సర్వీస్‌బెంచ్_కాకినాడ
నడుస్తుంది. ఎప్పుడో ఒకసారి మెల్లగా రుద్దితే కొంప మునగదు. కానీ ఏడాదికోసారి అంటే అది అలవాటైపోయింది. తణుకు గారి మాట వినండి.

పద్యాలపెట్టె
ఎక్స్‌ఎంపీ ఆపాను. 2666కి దిగింది. ఎర్రర్లు బాగా తగ్గాయి గానీ పోలేదు. తర్వాత ఒక్కో స్టిక్కూ విడిగా పెట్టాను. 4లో ఏ స్టిక్కు పెట్టినా శుభ్రం. 2లో ఏది పెట్టినా ఎర్రర్లు. అంటే స్టిక్కులు రెండూ మంచివే కదా?

సర్వీస్‌బెంచ్_కాకినాడ
అవును, రెండూ మంచివే. బహుశా మీ పాతవి కూడా మంచివే. షాపులో ఉంచేసుకుంటే వెళ్లి అడిగి తెచ్చుకోండి.

ఇప్పుడు ఒక్కటి తేల్చాలి. 1, 2 స్లాట్లు ఒక ఛానెల్, అంటే ప్రాసెసర్‌కి వెళ్లే ఒక దారి. 3, 4 ఇంకో ఛానెల్. స్టిక్కుని 1లో పెట్టి చూడండి. అందులోనూ ఎర్రర్ వస్తే తప్పు స్లాట్‌ది కాదు, ఆ ఛానెల్ మొత్తానిది. అప్పుడు ప్రాసెసర్ సాకెట్‌లో పిన్ను వంగిందా, కూలర్ ఒకవైపే బిగుసుకుని ప్రాసెసర్ సరిగ్గా కూర్చోలేదా అని చూడాలి. 1లో శుభ్రంగా ఉంటే 2వ స్లాట్‌లోనే దొంగ ఉన్నాడు.

పూతరేకు_ప్రియుడు
డిటెక్టివ్ సీరియల్‌లా ఉంది. పనులన్నీ మానేసి రిఫ్రెష్ కొడుతున్నాను.

పద్యాలపెట్టె
1లో శుభ్రం! టార్చిలైటు వేసి 2వ స్లాట్‌లోకి చూశాను. మా ఇంటి పక్కనే కొబ్బరి పీచు ఆరబోస్తారు. స్లాట్ లోపల, గాటుకి కొంచెం ఇవతల, వెంట్రుకంత పీచు ఒకటి అడ్డంగా ఇరుక్కుని ఉంది. దాని చుట్టూ పిన్నుల మీద ఆకుపచ్చగా చిలుం. మిగతా మూడు స్లాట్లలో పిన్నులు మెరుస్తున్నాయి.

ఉప్పుగాలి
చిలుం అన్నానా లేదా!

చెరువుగట్టు
పీచు తేమని పట్టి ఉంచుతుంది కదా. కాలవ గట్టు మీద ఇళ్లలో గోడలే చెమరుస్తాయి.

లంకలో_ల్యాప్‌టాప్
మా అంబాజీపేట చుట్టాలింట్లో ఫ్యాన్ రెక్కలకి కూడా ఇదే పీచు పొడి. నెలకోసారి దులుపుతారు.

తణుకు_టెక్
సూదితో గానీ పిన్నీసుతో గానీ లాగకండి, స్లాట్ లోపలి స్ప్రింగు పిన్ను వంగితే బోర్డు నిజంగానే పోతుంది. చేత్తో నొక్కే రబ్బరు బల్బు బ్లోయర్‌తో ఊదండి. పంక్చర్ షాపు కంప్రెసర్ దగ్గరికి తీసుకెళ్లకండి, ఆ గాలిలో నీటి తుంపర ఉంటుంది. తర్వాత మెత్తటి బ్రష్‌ని ఆల్కహాల్‌లో ముంచి పిన్నుల వెంట నిలువుగా మెల్లగా గీయండి.

పద్యాలపెట్టె
పీచు బయటికొచ్చింది. బ్రష్ కూడా చేశాను. 2వ స్లాట్‌లో మెమ్‌టెస్ట్ చాలాసేపు బాగా వెళ్లి, చివరికి ఒకే ఒక్క ఎర్రర్ చూపించింది. తణుకు గారు అన్నారుగా, ఒక్కటైనా ఫెయిలే అని. ఇక బోర్డు మార్చాల్సిందేనా?

యానాం_ఎక్స్‌ప్రెస్
ఒక్క ఎర్రరే కదా, వాడేసుకోండి.

గోదారి_గట్టు
వద్దండీ! పద్యాలు ఎక్కించే కంప్యూటర్ అది.

సర్వీస్‌బెంచ్_కాకినాడ
బోర్డు అక్కర్లేదు. 2ని ఖాళీగా వదిలేసి 1, 3లో పెట్టండి. మాన్యువల్‌లో 2, 4 అనే రాసుంటుంది, అయినా ఎక్స్‌ఎంపీ లేకుండా చాలా బోర్డులు 1, 3లోనూ నడుస్తాయి. రెండు ఛానెళ్లూ పనిచేస్తాయి. మీ బోర్డు అలా ఒప్పుకోకపోతే రెండూ 3, 4లో పెట్టండి. అప్పుడు ఒకే ఛానెల్ మీద నడుస్తుంది, వేగం కొంచెం తగ్గుతుంది, ఆడియో పనికి తేడా తెలియదు. ఖాళీ స్లాట్‌లో మళ్లీ దుమ్ము పడకుండా కాగితాలూ టేపులూ మాత్రం అతికించకండి.

పద్యాలపెట్టె
1, 3లో బూట్ అయ్యింది. ఎండవేళ పెట్టాను, రాత్రంతా కూడా పెట్టాను. పాసులన్నీ పచ్చగా వచ్చాయి. ఎలక్ట్రీషియన్ వచ్చి ఎర్త్ గుంటలో వైరు ఊడిపోయి ఉందని చూపించారు. ఇప్పుడు క్యాబినెట్ ముట్టుకుంటే ఏమీ అనట్లేదు.

ఇక ఇదొక్కటి చెప్పండి. ఇప్పటిదాకా ఎక్కించిన ఫైళ్లలో ఏవి మంచివో, ఏవి చెడ్డవో పట్టుకునే సాఫ్ట్‌వేర్ ఉందా?

గోదారి_గట్టు
లేదండీ. తప్పు పడ్డాకే సేవ్ అయ్యింది కాబట్టి ఫైలు తన మటుకు తాను సరిగ్గానే ఉంటుంది. ఏ చెక్‌సమ్‌కీ (ఫైలు మారిందో లేదో చెప్పే లెక్క) దొరకదు. ఎర్రర్లు మొదలైనప్పటి నుంచి ఎక్కించినవన్నీ మళ్లీ క్యాసెట్ నుంచే తీయండి. శ్రమే, కానీ ఆ గొంతు మళ్లీ రాదు. ఈసారి ఫ్లాక్‌లో (నాణ్యత తగ్గకుండా దాచే ఆడియో ఫైలు రకం) దాచండి, అందులో ధ్వని చెక్‌సమ్ లోపలే ఉంటుంది, తర్వాత కాపీలో చెడితే తెలిసిపోతుంది. రెండు కాపీలు ఉంచండి, ఒకటి వేరే ఊళ్లో. మీది లోతట్టు ఊరైతే గోదారికి వరద వచ్చే కాలంలో అన్నీ ఒకే ఇంట్లో ఉండకూడదు.

విండోస్ సొంత ఫైళ్ల సంగతికి కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ ఒకసారి నడపండి. అది కూడా ఆ చెడ్డ స్లాట్ మీద నడిచినప్పుడే ఇన్‌స్టాల్ అయ్యింది కదా.

పద్యాలపెట్టె
నడిపాను, కొన్ని ఫైళ్లు బాగుచేశానని చూపించింది. మొదటి క్యాసెట్ మళ్లీ పెట్టాను. హమ్ లేదు, టిక్ లేదు. తాతయ్య ఆలాపన మొదలుపెట్టే ముందు గొంతు సవరించుకోవడం కూడా వినిపిస్తోంది. అందరికీ ఎలా చెప్పాలో తెలియట్లేదు.

నరసాపురం_లేసు
మధ్యలో నా సంగతి. సీ డ్రైవ్ ఖాళీ చేశాక ఆ పెట్టె రావట్లేదు. పద్యాలపెట్టె గారూ, ఒక పద్యం ఎక్కడైనా పెడితే మాకూ లింకు ఇవ్వండి.

లంకలో_ల్యాప్‌టాప్
నాదీ నీలం తెరే, మెమరీ మేనేజ్‌మెంటే. కానీ ల్యాప్‌టాప్. ర్యామ్ బోర్డుకే అతికించి ఉంది, తీసి మార్చే వీల్లేదు. నాకేమైనా దారి ఉందా?

తణుకు_టెక్
ముందు మెమ్‌టెస్ట్ పెట్టి ఎర్రర్ల తెర ఫొటో తీయండి. తప్పులన్నీ ఒకే చిన్న ముక్కలో ఉంటే ఆ ముక్కని వాడొద్దని విండోస్ బూట్ సెట్టింగుల్లో చెప్పొచ్చు, బ్యాడ్ మెమరీ లిస్ట్ అంటారు. లైనక్స్‌లోనూ అలాంటిది ఉంది. తప్పులు మెమరీ అంతా చెదిరి ఉంటే అది పనిచేయదు. అప్పుడు చిప్పు మార్చే సర్వీస్ సెంటరే దిక్కు. వారంటీ ఉందేమో బిల్లు చూడండి. ఈలోపు ముఖ్యమైన ఫైళ్లు దాని మీద తెరిచి సేవ్ చేయకండి.

లంకలో_ల్యాప్‌టాప్
బిల్లు ఊళ్లో ఉంది. రేపు పంటు దాటి ఇంటికి వెళ్లగానే టెస్ట్ పెట్టి, ఫొటో ఇక్కడే పెడతాను.